సంతానం కావాలంటే భర్తకూ పరీక్ష అవసరం



ఊళ్లో పనుల్లేక ఎందరో యువకులు హైదరాబాదు వెళ్లి జూబ్లీహిల్స్, ఫిల్మ్ నగర్‌లలో సినిమా పనుల్లో చేరుతుంటారు. సెట్టింగులు కడతారు, లైట్లు మోస్తారు. నెలల తరబడి ఇంటికి దూరంగా ఉంటారు. అలాంటి అబ్బాయి ఒకడు పండక్కి ఇంటికొచ్చాడనుకోండి. పెళ్లయి మూడేళ్లయింది, పిల్లల్లేరు. అత్తగారు కోడల్ని గుళ్లచుట్టూ, డాక్టర్లచుట్టూ తిప్పుతోంది. కొడుకును మాత్రం పరీక్షకు పొమ్మన్నవారు లేరు. ఇది న్యాయమేనా?

లోపం ఎవరిది?

సంతానం లేని దంపతుల్లో సుమారు సగం మందిలో భర్త వైపు కూడా కారణం ఉంటుంది. "నాకేం, దుక్కలా ఉన్నాను" అనుకోవద్దు. కొన్ని సుఖవ్యాధులు బయటికి కనిపించవు.

వైరస్‌లు ఏం చేస్తాయి?

సంపర్కం వల్ల సోకే కొన్ని వైరస్‌లు వీర్యంలోకీ చేరతాయి.

హెచ్.ఐ.వి.: చికిత్స లేకుండా ముదిరితే వీర్యకణాల సంఖ్య, కదలిక తగ్గవచ్చు.

హెపటైటిస్ బి: కాలేయాన్ని దెబ్బతీస్తుంది. వీర్యకణాలు బలహీనపడవచ్చు.

హెచ్.పి.వి.: వీర్యకణాలకు అంటుకుని వాటి కదలికను మందగింపజేయవచ్చు. చాలామందిలో ఒకటి రెండేళ్లలో దానంతటదే పోతుంది.

హెర్పిస్: మర్మాంగంపై నీటిపొక్కులు వస్తాయి, తగ్గి మళ్లీ వస్తాయి. మందులతో అదుపులో ఉంటుంది.

వైరస్ ఉన్నంత మాత్రాన పిల్లలు పుట్టరని కాదు. భయపడవద్దు, దాచవద్దు.

ఏం చేయాలి?

ఏడాదిపాటు కలిసి కాపురం చేసినా గర్భం రాకపోతే ఇద్దరూ కలిసి ఆరోగ్య కేంద్రానికి వెళ్లండి. భర్తకు వీర్య పరీక్ష, ఇద్దరికీ రక్త పరీక్ష చేయించండి. వీర్యకణం తయారు కావడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. కాబట్టి ఒక్క పరీక్షతో నిరాశపడక, డాక్టరు చెప్పినప్పుడు మళ్లీ చేయించండి.

హెచ్.ఐ.వి. మందులు ప్రభుత్వాసుపత్రుల్లో 2004 నుంచి ఉచితం. వాటిని క్రమంగా వాడి, రక్తంలో వైరస్ కనపడనంతగా తగ్గినవారి నుంచి సంపర్కం ద్వారా జీవిత భాగస్వామికి వ్యాధి సోకదు. డాక్టరు సలహాతో ఆరోగ్యవంతమైన బిడ్డను కనవచ్చు. హెపటైటిస్ బి రాకుండా టీకా ఉంది. 1997లో మన హైదరాబాదులోని శాంతా బయోటెక్నిక్స్ ఆ టీకాను తక్కువ ధరకు తెచ్చింది. పుట్టిన బిడ్డకు 24 గంటల్లోపే వేయించండి.

నిరోధ్ వాడండి

మాత్రలు, కాపర్-టి, వేసెక్టమీ గర్భాన్ని ఆపుతాయి గాని వ్యాధుల్ని ఆపవు. నిరోధ్ గర్భాన్నీ ఆపుతుంది, వ్యాధులు సోకే ప్రమాదాన్నీ బాగా తగ్గిస్తుంది. బిడ్డ కావాలనుకున్నప్పుడు ముందు పరీక్షలు చేయించుకుని, ఆ తరువాత మానండి.

ఒక్కమాట

వ్యాధి తేలితే ఒకరినొకరు నిందించుకోవద్దు. హెపటైటిస్ బి కలుషితమైన సూదుల వల్లా, తల్లి నుంచీ కూడా వస్తుంది. హెచ్.ఐ.వి. గురించి సందేహాలుంటే 1097కు ఉచితంగా ఫోన్ చేయండి. మీ వివరాలు గోప్యంగా ఉంటాయి.

బిడ్డ ఇద్దరి కల. పరీక్షకూ ఇద్దరూ రండి!