టైరు మీద రాత

సైదాబాదులో ఒక తాపీ మేస్త్రి ఉన్నాడు. ఆయనకు ఒక పాత మోటారు సైకిలు ఉంది. పొద్దున్నే బండి తీస్తాడు. వెనుక భార్య కూర్చుంటుంది. ఆమె ఒడిలో టిఫిను డబ్బా ఉంటుంది. సంచిలో తాపీ, రసమట్టం, తాడు ఉంటాయి. ఒకరోజు చంపాపేటలో పని. ఇంకొకరోజు ఎల్బీ నగర్ అవతల పని. దిల్‌సుఖ్‌నగర్, కొత్తపేట మీదుగా మెట్రో స్తంభాల పక్కనుంచి పోతారు. ఒక్కోసారి సిమెంటు బస్తా కూడా బండి ఎక్కుతుంది.

మేస్త్రికి చదువు రాదు. లెక్క మాత్రం నోటితో గట్టిగా చెబుతాడు. ఆయన భార్య రెండేళ్ల కింద సాయంత్రం బడిలో చదవడం నేర్చుకుంది. బస్సు నంబరు చదువుతుంది. మందు సీసా మీద తేదీ చదువుతుంది. టైరు మీద కూడా చదవాల్సింది ఉంటుందని ఆమెకు అప్పటికి తెలియదు.

అది 2023 జూలై నెల. ఆ నెలాఖరులో హైదరాబాదులో వానలు దంచి కొట్టాయి. ఒకనాటి సాయంత్రం ఇద్దరూ పని నుంచి వస్తున్నారు. ఐ.ఎస్. సదన్ చౌరస్తా దగ్గర ముందున్న ఆటో ఒక్కసారిగా ఆగింది. మేస్త్రి బ్రేకు తొక్కాడు. చక్రం ఆగింది. బండి ఆగలేదు. వెనుక చక్రం పక్కకు జారింది. ఇద్దరూ కింద పడ్డారు. వెనుక వస్తున్న బస్సు నాలుగు అడుగుల దూరంలో ఆగింది.

ఆమె మోచేతికి తోలు లేచిపోయింది. ఆయన మడమ వాచింది. మూడు రోజులు ఇద్దరూ పనికి పోలేదు.

"రోడ్డు తడిగ ఉండె. అందుకే జారింది" అన్నాడు మేస్త్రి.

"రోడ్డు అందరికీ తడిగనే ఉండె. అందరూ పడలే గద" అన్నది ఆమె.

ఆ మాటకు ఆయన దగ్గర జవాబు లేదు. నాలుగో రోజు ఇద్దరూ బండిని తోసుకుంటూ పంక్చర్ షాపుకు పోయారు. అక్కడ ఒక పెద్దాయన ఉన్నాడు. అందరూ ఆయనను తాతా అని పిలుస్తారు. ఆయన బండికి స్టాండు వేసి వెనుక చక్రం తిప్పి చూశాడు.

"ఏం మేస్త్రీ, టైరు గుండయింది గద. ఎన్నేండ్లయింది ఏసి?"

"గాలి ఆగుతుంది తాతా. పంక్చర్లు గూడ తక్కువనే. నడుస్తుంది గదా అనుకున్న."

చాలామంది ఇట్లాగే అనుకుంటారు. గాలి ఆగితే టైరు బాగున్నట్టే అనుకుంటారు. గాలి ఆపేది లోపలి ట్యూబు. రోడ్డును పట్టుకునేది పై రబ్బరు. ట్యూబు బాగుండి పైరబ్బరు అరిగిపోతే బండి నడుస్తూనే ఉంటుంది. ఆగమన్నప్పుడు ఆగదు.

టైరు మీద కాలువల్లాంటి గీతలు ఉంటాయి. మెకానిక్కులు దీన్ని గ్రిప్పు అంటారు. ఈ గీతలు అందం కోసం పెట్టినవి కావు. మోటారు సైకిలు టైరు రోడ్డును తాకేది చాలా కొద్ది చోటు. మన అరచేయంత కూడా ఉండదు. ముందు అంత, వెనుక అంత. ఆ కాస్త చోటు మీదే ఇద్దరు మనుషుల బతుకు ఆధారపడి ఉంటుంది. రోడ్డు మీద నీళ్లు ఉంటే ఆ నీళ్లు రబ్బరు కింద నుంచి పక్కకు పోవాలి. అప్పుడే రబ్బరు రోడ్డును తాకుతుంది. నీళ్లు పోయే దారి ఈ గీతలే. గీతలు అరిగిపోతే నీళ్లు టైరు కిందే ఉండిపోతాయి. టైరు నీటి పొర మీద జారుతుంది. అరిగిన హవాయి చెప్పులతో తడి బండ మీద నడిచినవారికి ఇది వేరే చెప్పక్కర్లేదు.

పొడి రోడ్డు మీద గుండు టైరు కూడా పట్టుకుంటుంది. అందుకే ఎండాకాలమంతా మేస్త్రికి ఏమీ తెలియలేదు. మొదటి పెద్ద వానకు తెలిసింది. మలక్‌పేట రైలు బ్రిడ్జి కింద గట్టి వాన పడితే నీళ్లు నిలుస్తాయి. సరూర్‌నగర్ చెరువు దిక్కు కాలనీల్లోనూ అంతే. 2020 అక్టోబరు వానలకు ఆ కాలనీలు రోజుల తరబడి నీళ్లలో ఉన్నాయి. లోతు నీళ్లలో కొత్త టైరు కూడా తేలుతుంది. అక్కడ మెల్లగా పోవడం తప్ప వేరే దారి లేదు.

"ముందు టైరు బాగనే ఉంది గద తాతా. ఎనుకదే ఎందుకరిగింది?" అని ఆమె అడిగింది.

బండిని తోసే బలం ఇంజను నుంచి చైను మీదుగా వెనుక చక్రానికి వస్తుంది. రోడ్డును వెనక్కి నెట్టేది అదే. వెనుక కూర్చున్నవారి బరువు, బస్తా బరువు కూడా ఎక్కువగా దాని మీదే పడతాయి. అందుకే అది ముందుగా అరుగుతుంది. అలాగని ముందు టైరును నిర్లక్ష్యం చేయరాదు. బండిని తిప్పేది అదే. గట్టిగా బ్రేకు వేస్తే బరువంతా దాని మీదికే వస్తుంది. వెనుక చక్రం జారితే ఒక్కోసారి కాలు ఊని నిలబడవచ్చు. ముందు చక్రం జారితే కాలు ఊనే వ్యవధి కూడా ఉండదు.

ఎట్లా అరిగిందో చూస్తే ఎందుకు అరిగిందో తెలుస్తుంది. గాలి ఎక్కువైతే టైరు నడుమ ఉబ్బి, నడిమి రబ్బరు తొందరగా అరుగుతుంది. గాలి తక్కువైతే టైరు చదునై రెండు పక్కలా అరుగుతుంది, వేడెక్కుతుంది, పెట్రోలు కూడా ఎక్కువ తాగుతుంది. ఒకే చోట అరిగి మచ్చ పడితే చక్రం బిగుసుకుపోయేలా బ్రేకు తొక్కుతున్నారని అర్థం. మేస్త్రి టైరు రెండు పక్కలా అరిగి ఉంది. ఇద్దరు మనుషులు, ఒక బస్తా. గాలి మాత్రం ఒక్కరికి సరిపోయేంత!

గాలి ఎంత ఉండాలో బండితో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. కొన్ని బండ్లకు చైను కవరు మీద కాగితం అంటించి ఉంటుంది. ఒక్కరికి ఒక అంకె, ఇద్దరికి ఇంకో అంకె ఉంటాయి. ఇద్దరికి వెనుక టైరులో ఎక్కువ గాలి కావాలి. వారానికి ఒకసారి పొద్దున్నే, బండి ఎక్కువ దూరం తిరగకముందే గాలి చూపించుకోవాలి. తిరిగిన టైరు వేడెక్కి ఉంటుంది. అప్పుడు అంకె ఎక్కువ చూపిస్తుంది. పెట్రోలు బంకులో గాలికి డబ్బులు ఇవ్వనక్కర లేదు.

"ఇగ మార్చాలె అని మాకెట్ల తెలుస్తది?" అన్నది ఆమె.

తాత టైరు పక్కన వేలు పెట్టి చూపించాడు. అక్కడ చిన్న త్రికోణం గుర్తు ఉంది. కొన్ని టైర్ల మీద టి.డబ్ల్యూ.ఐ. అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. ఆ గుర్తుకు ఎదురుగా, గీత లోపల చిన్న రబ్బరు గట్టు ఉంటుంది. కొత్త టైరులో ఆ గట్టు లోతుగా ఉంటుంది. టైరు అరిగేకొద్దీ పై రబ్బరు ఆ గట్టుకు దగ్గరవుతుంది. రెండూ సమానమైతే టైరు పని అయిపోయినట్టే. గోరుతో తడిమినా తెలిసిపోతుంది. టైరు చుట్టూ ఇలాంటి గుర్తులు చాలా ఉంటాయి. ఒక్కచోట చూసి ఊరుకోరాదు.

దీనికి చట్టం కూడా ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల ప్రకారం రెండు చక్రాల బండి టైరు గీత లోతు 0.8 మిల్లీమీటరుకు తగ్గరాదు. కారుకైతే 1.6 మిల్లీమీటర్లు. పిల్లల స్కేలు మీద రెండు చిన్న గీతల మధ్య దూరం ఒక మిల్లీమీటరు. దానికన్నా కాస్త తక్కువ. చట్టం ఒప్పుకునే లోతు అంత తక్కువ. రోజూ ఇద్దరు ఎక్కే బండికి అంతదాకా ఆగడం మంచిది కాదు. గట్టు దగ్గరపడితే వానాకాలానికి ముందే మార్చుకోవాలి.

ఎన్ని కిలోమీటర్లకు మార్చాలని అందరూ అడుగుతారు. అందరికీ ఒకే అంకె లేదు. బరువు, గాలి, రోడ్డు, బ్రేకు తొక్కే తీరు, అన్నీ కలిసి నిర్ణయిస్తాయి. మేస్త్రి నోటి లెక్క వేశాడు. రోజుకు 40 కిలోమీటర్లు. నెలకు 25 రోజులు. నెలకు వెయ్యి, ఏడాదికి 12,000. ఆ టైరు వేసి మూడేళ్లు దాటింది!

గీతలు లోతుగా ఉన్నా కొన్నిసార్లు టైరు మార్చాల్సిందే. పక్కన బుడ్డలా ఉబ్బితే లోపలి దారాలు తెగినట్టు. అది ఎప్పుడైనా పగులుతుంది. దారాలు బయటికి కనిపిస్తే ఆ బండి ఎక్కరాదు. ఎండిన చెరువు మట్టిలా పక్కభాగం పగుళ్లు తేలితే రబ్బరు ముసలిదైనట్టు. రబ్బరుకు ఎండ పడదు. మూల పెట్టిన బండి టైరు కూడా ముసలిదవుతుంది.

ఇక్కడ ఒక సంగతి. రబ్బరు పాలు తెల్లగా ఉంటాయి. మరి టైరు నల్లగా ఎందుకుంది? అందులో ఒక రకం మసి కలుపుతారు. మసి కలిపిన రబ్బరు గట్టిపడి చాలాకాలం అరగకుండా ఉంటుంది. మొదట్లో టైర్లు తెల్లగానే ఉండేవి, త్వరగా అరిగిపోయేవి. 1887లో బెల్‌ఫాస్టులో డన్‌లప్ అనే పశువుల డాక్టరు తన కొడుకు మూడు చక్రాల సైకిలుకు గాలి టైరు చేశాడు. అది బాగా వాడకంలోకి వచ్చింది.

టైరు ముసలిదో కాదో అంకెలు చెబుతాయి. టైరు పక్కభాగంలో ఒక గుడ్డు ఆకారం గీతలో నాలుగు అంకెలు ఉంటాయి. మొదటి రెండు అంకెలు వారం. చివరి రెండు అంకెలు సంవత్సరం. 3121 అని ఉంటే 2021లో 31వ వారం చేసిన టైరు. ఏడాదికి 52 వారాలు. ఒక్కోసారి 53 లెక్కిస్తారు. ఈ అంకెలు టైరుకు ఒక పక్కనే ఉండవచ్చు. కనిపించకపోతే రెండో పక్క చూడాలి. అయిదేళ్లు దాటిన టైరును ఏడాదికోసారి పరీక్ష చేయించాలి. పదేళ్లు దాటితే గీతలు ఎంత బాగున్నా వాడరాదు.

కొత్త టైరు పదిహేను వందలు దాటుతుందని తాత చెప్పాడు. మేస్త్రి వెనకాడాడు. దిల్‌సుఖ్‌నగర్ దిక్కు ఒక దుకాణంలో వాడిన టైర్లు దొరుకుతాయని విన్నాడు. ఇద్దరూ అక్కడికి పోయారు. దుకాణదారు ఒక టైరు తీశాడు. నల్లగా నిగనిగలాడుతోంది. గీతలు లోతుగా ఉన్నాయి. ధర నాలుగు వందలు.

"కొత్తదాని లెక్కనే ఉంది. కొంచెమే తిరిగింది" అన్నాడు అతను.

మేస్త్రి జేబులో చెయ్యి పెట్టాడు. ఆమె టైరు ముందు కూర్చుంది. కొంగుతో దుమ్ము తుడిచింది. వేలితో ఒక్కొక్క అంకె చదివింది. రెండు, రెండు, ఒకటి, ఐదు.

"ఇరవై రెండో వారం. 2015. ఎనిమిదేండ్ల టైరు ఇది. కొంచెమే తిరిగిందంటున్నవు?"

దుకాణదారు ఏమీ అనలేదు. ఆమె గీతల లోపల వేలు పెట్టింది. గీతల అంచులు నున్నగా లేవు, కత్తితో కోసినట్టున్నాయి. గట్టు ఎక్కడా తగలలేదు. కొన్నిచోట్ల గుండు టైరుకు వేడి కత్తితో కొత్తగా గీతలు కోసి అమ్ముతారు. అలా కోస్తే దారాల మీద మిగిలిన కాస్త రబ్బరు కూడా పోతుంది. చూడటానికి కొత్తది. అసలుకు పాతదానికన్నా చెడ్డది.

"పా అయ్యా, పోదాం. మూడు రోజుల కూలి పాయె. ఆ పైసలకు కొత్త టైరే వచ్చుండె" అన్నది ఆమె.

తిరిగి తాత దగ్గరకే వచ్చారు. కొత్త టైరు కొనేటప్పుడు పాత టైరు మీద ఉన్న సైజు, కొత్తదాని మీద ఉన్న సైజు ఒకటే ఉండాలి. మేస్త్రి బండి వెనుక టైరు మీద 80/100-18 అని ఉంది. 18 అంటే చక్రం రిమ్ము అంగుళాలు. దాని పక్కన 54 అనే అంకె ఉంది. అది బరువు గుర్తు. 54 ఉంటే ఆ టైరు 212 కిలోలు మోస్తుంది. 47 ఉంటే 175 కిలోలే. బరువులు ఎక్కించే బండికి ఈ అంకె తగ్గరాదు. ఐ.ఎస్.ఐ. గుర్తు ఉందో లేదో చూడాలి. బాణం గుర్తు ఉంటే చక్రం ముందుకు తిరిగే దిక్కుకే బాణం ఉండాలి. టైరుతో పాటు ట్యూబు కూడా కొత్తది వేయించాలి. ఇవన్నీ ఆమె ఒక్కొక్కటీ అడిగి వేయించింది. తాతకు కాస్త విసుగు కూడా వచ్చింది.

"మొదటి వంద కిలోమీటర్లు మెల్లగ పో మేస్త్రీ. కొత్త టైరు పైన నున్నగ ఉంటది, జారుతది" అన్నాడు తాత.

మరునాడు పొద్దున ఆమె ముందు టైరు దగ్గర కూర్చుని అంకెలు వెతుకుతోంది. మేస్త్రి టిఫిను డబ్బా పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

చేసి చూడండి

కింద నాలుగు టైర్ల అంకెలు ఉన్నాయి. ఏ టైరు ఏ సంవత్సరం, ఎన్నో వారంలో తయారైందో రాయండి. అన్నింటికన్నా పాతది ఏది? ఇందులో ఒకటి తేదీ అంకె కానే కాదు. అది ఏది? ఎందుకు?

0521    3318    6022    5009

మీ ఇంటి బండి లేదా పక్కింటివారి బండి దగ్గరకు వెళ్లండి. రెండు టైర్ల మీది అంకెలు, సైజు మీ నోటు పుస్తకంలో రాసుకోండి. త్రికోణం గుర్తు వెతికి, గీతలోని గట్టును గోరుతో తడిమి చూడండి.