ఒప్పందం మీద రెండు సంతకాలు

వార్షికోత్సవ సంచికకు పోటీ పరీక్షల్లో పనికొచ్చే వ్యాసం ఒకటి రాయమని వార్డెన్ సారు కబురు పెట్టారు. నేను ఒక ప్రభుత్వ కార్యాలయంలో బిల్లుల సీటు చూసేవాణ్ణి కాబట్టి, నాకు రోజూ ఎదురయ్యే ప్రశ్ననే తీసుకున్నాను. ప్రభుత్వ సేవలను ఒప్పందం మీద నడిపే ప్రైవేటు కంపెనీలను రాజకీయ నాయకులు బహిరంగంగా విమర్శించవచ్చునా?

ముందుగా ఒక చిన్న సంగతి. ఇంటర్ చదివేటప్పుడు నేను వేరే ఊరి హాస్టల్‌లో ఉన్నాను. అక్కడ వారానికి ఇన్నిసార్లని గుడ్డు పెట్టేవారు గానీ, ఆ గుడ్లు నిమ్మకాయల కన్నా చిన్నవి. ఒకరోజు అధికార పక్షం నాయకుడొకరు తనిఖీకి వచ్చి, గుడ్డును చేత్తో పైకెత్తి అందరికీ చూపించి, సరఫరా చేసే కాంట్రాక్టరును మా ముందే నిలబెట్టి కడిగేశారు. మేమంతా చప్పట్లు కొట్టాం. మరునాడు పేపర్లో ఫోటో కూడా వచ్చింది. రెండు వారాలు గడిచాయి. గుడ్డు మాత్రం పెరగలేదు. ఈ సంగతి చివర్లో మళ్లీ చెబుతాను.

ప్రభుత్వం ఒక పనిని బయటివారికి అప్పగించాలంటే టెండరు పిలుస్తుంది, ధర ఖాయం చేస్తుంది, ఒప్పందం రాసుకుంటుంది. నాణ్యత ఎలా ఉండాలి, తప్పితే జరిమానా ఎంత, ఎన్ని రోజుల నోటీసుతో రద్దు చేయవచ్చు, తగాదా వస్తే ఎక్కడికి పోవాలి అనేవన్నీ అందులో ఉంటాయి. చివరి పేజీలో రెండు సంతకాలుంటాయి. ఒకటి కంపెనీది, రెండోది ప్రభుత్వానిది. మైకు ముందు మాట్లాడేటప్పుడు చాలామంది ఆ రెండో సంతకాన్ని మరిచిపోతారు.

విమర్శించే హక్కు ఉందా అంటే నిస్సందేహంగా ఉంది. రాజ్యాంగం 19(1)(ఎ) అధికరణం పౌరులందరికీ వాక్ స్వాతంత్య్రం ఇచ్చింది. శాసనసభలో అన్న మాటకు 194(2) అధికరణం ప్రకారం ఏ కోర్టులోనూ కేసు వేయడానికి లేదు. సభ బయట అదే మాట అంటే పరువు నష్టం దావా ఎదుర్కోవలసి రావచ్చు. అయితే ఇక్కడ హక్కు కన్నా పెద్ద ప్రశ్న మరొకటి ఉంది. ఏ కుర్చీలో కూర్చున్నవాడు ఏ పద్ధతిలో అడగాలి?

మనందరికీ తెలిసిన 108నే తీసుకుందాం. అంగళ్లు దగ్గర రోడ్డు మీద ఎవరైనా పడిపోతే మన చేయి ముందుగా ఆ నంబరుకే పోతుంది. సత్యం రామలింగరాజు స్థాపించిన ఇ.ఎం.ఆర్.ఐ. సంస్థ 2005 ఆగస్టు 15న దీన్ని ప్రారంభించింది. 2008 నాటికి నిర్వహణ ఖర్చులో 95 శాతం ప్రభుత్వమే భరించే ఏర్పాటు వచ్చింది. అయినా జనం దృష్టిలో అది రాజు గారి బండే. ఆ రోజుల్లో నాయకులు ఆయనను పొగిడారే గానీ ప్రశ్నించినవారు తక్కువ. 2009 జనవరి 7న ఆయనే ఉత్తరం రాసి, సత్యం లెక్కల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు లేనివేనని ఒప్పుకున్నారు. రాష్ట్రమంతా గుండెలు పట్టుకుంది, 108 ఆగిపోతుందేమోనని. ఆగలేదు. అదే ఏడాది జీవీకే సంస్థ నిర్వహణ తీసుకుంది. పొగడ్త కూడా విమర్శ లాంటిదే, కాగితం చూడకుండా చేస్తే రెండూ ఒకటేనని నా అభిప్రాయం.

తరువాత 2017 చివర్లో ఆంధ్రప్రదేశ్‌లో నిర్వహణ బీవీజీ చేతికి, 2020లో అరబిందో సంస్థకు మారింది. 2020 జులై 1న విజయవాడ బెంజి సర్కిల్‌లో 1,088 వాహనాలను అప్పటి ముఖ్యమంత్రి జగన్‌మోహన్ రెడ్డి జెండా ఊపి ప్రారంభించారు. కొత్త సంస్థకు ఎక్కువ ధర కట్టబెట్టారని ప్రతిపక్ష తెలుగుదేశం ఆరోపించింది, అధికార పక్షం అదంతా అబద్ధమంది. ఎవరిది నిజమని నేను తీర్పు చెప్పబోవడం లేదు. ఒక వాహనానికి నెలకు ఎంత, ఆ ధరలో ఏమేమి కలిసి ఉన్నాయి అన్న లెక్క పక్కపక్కన పెట్టి చూపితే సామాన్యుడికి అర్థమయ్యేది. టీవీల్లో మనం విన్నది ఎక్కువగా ఎవరు ఎవరికి చుట్టమన్న సంగతే.

ఇంతకన్నా పెద్ద పాఠం కరెంటు ఒప్పందాల్లో ఉంది, కాస్త ఓపిగ్గా చదవండి. మన ఇళ్లకు కరెంటు ఇచ్చేది తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కం. ఈ గొడవలో చిక్కుకున్న గాలిమరలు, సౌర ఫలకాలు ఎక్కువగా రాయలసీమలోనే ఉన్నాయి. 2019కి ముందు ప్రభుత్వం కుదుర్చుకున్న గాలి విద్యుత్ ఒప్పందాల్లో యూనిట్ ధర 4 రూపాయల 84 పైసల దాకా ఉంది, గడువు 25 ఏళ్లు. 2019లో కొత్త ప్రభుత్వం వచ్చీ రాగానే, ఈ ధరలు అన్యాయం, ఇందులో అవినీతి ఉందని గట్టిగా విమర్శించింది. జులై 1న జీ.వో. 63 ఇచ్చి, కంపెనీలతో బేరమాడడానికి ఉన్నత స్థాయి కమిటీ వేసింది. తరువాత కంపెనీలకు ఉత్తరాలు వెళ్లాయి, గాలి విద్యుత్తుకు 2.43, సౌర విద్యుత్తుకు 2.44 రూపాయల లెక్కన ధర తగ్గించుకోవాలని.

ఆ విమర్శలో న్యాయం లేదని అనలేం. దేశంలో ధరలు వేగంగా పడిపోతున్న కాలం అది. ఎక్కువ ధర భారం చివరికి పడేది డిస్కం మీద, అంటే మన బిల్లుల మీదే. కానీ చేతిలో సంతకం ఉన్న కంపెనీలు ఊరుకుంటాయా? హైకోర్టుకు వెళ్లాయి. కేంద్ర విద్యుత్ మంత్రి ఆర్.కె. సింగ్ రాష్ట్రానికి ఉత్తరాలు రాశారు. జపాన్ రాయబారి సైతం ఉత్తరం రాశారు, పెట్టుబడిదారులు బెదిరిపోతారని. 2019 సెప్టెంబరు 24న హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం జీ.వో.నూ ఉత్తరాలనూ కొట్టివేసింది. ధర సంగతి విద్యుత్ నియంత్రణ మండలి తేల్చాలని, అంతదాకా 2.43, 2.44 చొప్పున చెల్లించమని చెప్పింది. 2022 మార్చి 15న ద్విసభ్య ధర్మాసనం దాన్ని కూడా పక్కనబెట్టి, ఒప్పందంలో ఉన్న ధరకే ఆరు వారాల్లో బకాయిలు కట్టమంది. మూడేళ్ల గర్జన తరువాత మిగిలింది పాత ధరే.

మహారాష్ట్రలోనూ ఇలాగే జరిగింది. 1995 ఎన్నికల్లో దాభోల్ ప్రాజెక్టు కట్టే ఎన్రాన్‌ను అరేబియా సముద్రంలో కలుపుతామని ప్రచారం చేసి గెలిచినవారు, ముందు రద్దు చేసి, మరుసటి ఏడాదే కొత్త షరతులతో మళ్లీ ఒప్పుకున్నారు.

కాబట్టి నా జవాబు ఇది. ప్రతిపక్ష నాయకుడికి ఫైలు అందుబాటులో ఉండదు, సంతకం చేసే అధికారం ఉండదు. అతని ఆయుధం నోరే, అతడు బహిరంగంగా అడగాల్సిందే. 2021లో సౌర విద్యుత్ సంస్థ సెకీ ద్వారా యూనిట్ 2.49 రూపాయలకు కొనే ఒప్పందాన్ని శాసనసభ ప్రజా పద్దుల కమిటీ అధ్యక్షుడిగా పయ్యావుల కేశవ్ ప్రశ్నించారు. ధర తక్కువేగా అని జనం అనుకునే చోట ఇతర ఖర్చుల లెక్క బయటికి తీయడం ప్రతిపక్షం పనే. 2024లో ఆయన పార్టీ అధికారంలోకి వచ్చి ఆయనే ఆర్థిక మంత్రి అయ్యారు. ఆ ఒప్పందాన్ని వెంటనే రద్దు చేయడం మాత్రం వీరికీ కుదరలేదు. కుర్చీ మారాక సంతకం బరువు తెలుస్తుంది కాబోలు!

అధికారంలో ఉన్నవాడి సంగతి వేరు. అతని చేతిలో నోటీసు ఉంది, జరిమానా క్లాజు ఉంది, బిల్లు ఆపే అధికారం ఉంది, నియంత్రణ మండలి ఉంది. ఇవన్నీ వదిలి మైకు పట్టుకుంటే, ఎందుకని మనం అడగాలి. ఒక్కోసారి ఆ తిట్లు కంపెనీని భయపెట్టడానికి కాక, మన చూపును రెండో సంతకం మీద నుంచి మళ్లించడానికి ఉపయోగపడతాయి. బిల్లుల సీటులో కూర్చుని చెబుతున్నాను, తిట్లు తిన్న కాంట్రాక్టరు బిల్లు కూడా జరిమానా కాగితం జతపరచకపోతే పూర్తి మొత్తానికే పాసవుతుంది.

మనలాంటివారికి 2005 నాటి సమాచార హక్కు చట్టం ఉంది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు.

గుడ్ల సంగతి బాకీ ఉంది కదా. మా సీనియర్ అన్న ఒకరు పది రూపాయలు కట్టి ఆ సరఫరా ఒప్పందం నకలు తెప్పించాడు. గుడ్డు కనీస బరువు, తక్కువైతే కోత ఎంత అన్నది అందులో స్పష్టంగా ఉంది. బరువు చూసి తీసుకున్నట్టు రిజిస్టరులో రోజూ సంతకం చేయాల్సింది మాత్రం హాస్టల్ సిబ్బందే. మా స్టోరు రూములో త్రాసు లేదు. అన్న ఊళ్లోని కిరాణా కొట్టు నుంచి త్రాసు అరువు తెచ్చి, వార్డెన్ సారు ముందు పెట్టి, ముప్ఫై గుడ్లు తూచాడు. ఆ రోజు రిజిస్టరులో సారు మొదటిసారి బరువు అంకె వేసి సంతకం చేశారు. మరుసటి సోమవారం బండి దిగిన గుడ్లు మామూలు గుడ్లే.