చిప్ పక్కన నీళ్ల బిందె: డీకప్లింగ్ కెపాసిటర్‌ను ఎంచుకోవడం ఎలా?

కోల్‌కతాలోని సాహా అణుభౌతిక సంస్థ శాస్త్రవేత్తలు ‘మానస్’ అనే 16 ఛానళ్ల చిప్‌ను రూపొందించారు. జెనీవా వద్ద ఉన్న సెర్న్‌లో, ఆలిస్ ప్రయోగంలో మ్యూయాన్ కణాల జాడ పట్టే పరికరంలో ఈ చిప్‌లను వాడారు. అక్కడ ఛానళ్ల సంఖ్య సుమారు 10 లక్షలు. కణం దూసుకుపోయినప్పుడు ఒక్కో ఛానల్‌కు అందే విద్యుదావేశం అతి స్వల్పం. అందుకే ఇలాంటి పరికరంలో నాయిస్ సుమారు 1,000 ఎలక్ట్రాన్లకు మించకూడదు.

ఇప్పుడు ఒక చిన్న లెక్క. సరఫరా తీగలో కేవలం 1 మిల్లీవోల్టు అలజడి ఉందనుకుందాం. అది 1 పికోఫారడ్ లీకేజీ మార్గం గుండా ఛానల్‌లోకి చేరితే, వచ్చిపడే ఆవేశం 1 ఫెమ్టోకూలుంబు. అంటే దాదాపు 6,200 ఎలక్ట్రాన్లు! అసలు సంకేతాన్నే ముంచేయగల మొత్తమిది. ఈ అలజడిని అణచేదే డీకప్లింగ్ కెపాసిటర్.

మిద్దె మీద పెద్ద ట్యాంకు ఉన్నా, వంటింట్లో చేతికందేలా బిందె పెట్టుకుంటాం. చిప్‌కు కూడా అంతే. అది ఒక్కసారిగా కరెంటు లాగినప్పుడు, దూరాన ఉన్న రెగ్యులేటర్ వెంటనే అందించలేదు. పక్కనున్న కెపాసిటర్ ఆ క్షణానికి ఆదుకుంటుంది.

అలాగని ఎంత పెద్ద కెపాసిటర్ పెడితే అంత మంచిదా? కాదు. ప్రతి కెపాసిటర్‌లోనూ, దాన్ని బోర్డుకు కలిపే రాగి దారిలోనూ కొంత ఇండక్టెన్స్ ఉంటుంది. అది మొత్తం 1 నానోహెన్రీ అనుకుంటే, 100 నానోఫారడ్ల కెపాసిటర్ సుమారు 16 మెగాహెర్ట్జ్ వరకే కెపాసిటర్‌లా పనిచేస్తుంది. 10 మైక్రోఫారడ్లదైతే 1.6 మెగాహెర్ట్జ్ వరకే. ఆపైన రెండూ కాయిల్‌లా ప్రవర్తిస్తాయి. 100 మెగాహెర్ట్జ్ వద్ద రెండింటి అడ్డంకీ ఒకటే, సుమారు 0.63 ఓమ్‌లు. అక్కడ లెక్కకు వచ్చేది కెపాసిటర్ విలువ కాదు, దారి పొడవు. అందుకే చిన్న సైజు కెపాసిటర్‌ను చిప్ పిన్‌ను ఆనుకొని, పొట్టి వెడల్పు దారితో అమర్చాలి. గ్రౌండ్ పొర వెంటనే కింద ఉండాలి.

రెండో జాగ్రత్త, వోల్టేజి. ఎక్స్7ఆర్ రకం సెరామిక్ కెపాసిటర్‌కు –55 నుంచి 125 డిగ్రీల సెల్సియస్ వరకు 15 శాతానికి మించి మార్పు ఉండదని హామీ ఉంటుంది. కానీ ఆ హామీ ఉష్ణోగ్రతకే. నేరు వోల్టేజి పడినప్పుడు తగ్గే విలువ అందులో లేదు. చిన్న సైజు, పెద్ద విలువ గల భాగాల్లో సగానికి పైగా కూడా పోవచ్చు. తయారీదారు ఇచ్చే వోల్టేజి గ్రాఫ్ చూశాకే కొనాలి. సీ0జీ రకంలో ఈ చిక్కు లేదు, అయితే అందులో పెద్ద విలువలు దొరకవు.

మూడోది, రకరకాల విలువలను కలపడం. పై రెండు కెపాసిటర్లను పక్కపక్కన పెడితే, సుమారు 11 మెగాహెర్ట్జ్ వద్ద అవి ఒకదానితో ఒకటి ఊగి, అడ్డంకిని తగ్గించే బదులు పెంచుతాయి. అలజడి సరిగ్గా అదే పౌనఃపున్యంలో ఉంటే నష్టమే. కాస్త నిరోధం ఉన్న టాంటలం కెపాసిటర్‌ను జతచేస్తే ఆ ఊపు నెమ్మదిస్తుంది.

కాబట్టి ముందు అడగవలసింది ‘ఎన్ని మైక్రోఫారడ్లు?’ అని కాదు. ఏ పౌనఃపున్యంలో, ఏ వోల్టేజి వద్ద, పిన్‌కు ఎంత దూరంలో? ఈ మూడింటికీ జవాబు దొరికితే, విలువ దానంతటదే తేలుతుంది.