అరచేతిలో అంగడి

పాఠ్యభాగ ఉద్దేశం

చిన్న వ్యాపారులు, చేతివృత్తుల వారు తమ సరకును అమ్ముకోవడానికి సెల్‌ఫోన్‌ను, అంతర్జాలాన్ని ఎట్లా వినియోగించుకోవచ్చునో, ఏయే విషయాల్లో జాగ్రత్త వహించాలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల పట్టణాల నేపథ్యంలో తెలియజేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

కరీంనగర్ నుండి జగిత్యాలకు పోయే దారిలో గంగాధర అనే ఊరు ఉంది. దానికి సమీపాన కురిక్యాల వద్ద ఉన్న బొమ్మలగుట్ట మీద క్రీ.శ. 10వ శతాబ్దంలో జినవల్లభుడు ఒక శాసనం చెక్కించాడు. ఈయన వేములవాడ చాళుక్యుల ఆస్థానాన్ని అలంకరించిన పంపమహాకవికి తమ్ముడు. ఆ శాసనంలో సంస్కృతం, కన్నడం, తెలుగు అనే మూడు భాషలున్నాయి. అందులోని తెలుగు కందపద్యాలను మనం సాధారణంగా ఛందస్సు కోసం, భాషాచరిత్ర కోసం చదువుతాం. అయితే ఆ శిలాఫలకం మరొక పాఠం కూడా నేర్పుతుంది. చెప్పదలచిన మాట పదిమందికి చేరాలంటే, చదివేవారు ఎవరో ముందుగా గుర్తించాలి. ఆ మాటను వారి భాషలో, వారి కంటబడే చోట నిలపాలి. వ్యాపార ప్రకటనకు కూడా మూలసూత్రం ఇదే.

సరకు మంచిదైతే చాలదు. అది ఉన్నదన్న సంగతి కొనేవారికి తెలియాలి. మన పెద్దల కాలంలో ఈ పని వారపు అంగడి చేసేది. చుట్టుపక్కల ఊళ్ల జనం ఒకచోట చేరేవారు. సరకును చేతితో తాకి, బేరమాడి కొనేవారు. నేటి కొనుగోలుదారులలో చాలామంది ముందుగా చేతిలోని ఫోనును అడుగుతున్నారు. కాబట్టి చిన్న వ్యాపారి కూడా ఆ ఫోనులో కనబడవలసిన అవసరం ఏర్పడింది.

మూడు పట్టణాలు

ఒకప్పుడు ఉమ్మడి కరీంనగర్ జిల్లాలో భాగమైన ఈ మూడు పట్టణాలలో జగిత్యాల, సిరిసిల్ల 2016 అక్టోబరు 11న వేరువేరు జిల్లా కేంద్రాలయ్యాయి. కోరుట్ల జగిత్యాల జిల్లాలో చేరింది. జగిత్యాల ప్రాంతం మామిడికి, వరికి, పసుపుకు పేరుపొందింది. ఇక్కడి మామిడి ఉత్తరాది నగరాలకు లారీలలో తరలిపోతుంది. కోరుట్ల చుట్టుపక్కల పల్లెలకు వ్యాపార కేంద్రం. ఈ ప్రాంతమంతటా స్త్రీలు బీడీలు చుట్టి కుటుంబాలను నిలబెట్టుకొన్నారు. యువకులు వేలాదిగా గల్ఫ్ దేశాలకు వలసపోయారు. మానేరు తీరాన ఉన్న సిరిసిల్ల మరమగ్గాల పట్టణం. అక్కడివారు మరమగ్గాలను సాంచాలు అని వ్యవహరిస్తారు. రేయింబవళ్లు సాంచాల చప్పుడే ఆ ఊరి శ్వాస.

ఆ చప్పుడు ఆగిన రోజులు కూడా ఉన్నాయి. 2000 తరువాతి సంవత్సరాలలో అప్పుల బాధతో ఇక్కడ ఎందరో నేత కార్మికులు ప్రాణాలు తీసుకొన్నారు. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల పంపిణీని ప్రారంభించి, వాటి నేత పనిని ప్రధానంగా సిరిసిల్లకు అప్పగించింది. ఏటా దాదాపు కోటి చీరల అవసరం ఏర్పడినందువల్ల కార్మికులకు, ఆసాములకు కొన్ని సంవత్సరాలపాటు పని దొరికింది. 2024లో ఆ పంపిణీ జరగలేదు. ప్రభుత్వ ఆర్డర్లు లేక అనేక సాంచాలు మూతబడ్డాయి. 2025లో మహిళా సంఘాల సభ్యుల కోసం చీరల నేత మళ్లీ మొదలైంది.

ఈ అనుభవం నుండి మనం గ్రహించవలసిన విషయం ఒకటుంది. ప్రభుత్వం ఆదుకోవడం అవసరమే. కాని, ఎంత పెద్ద కొనుగోలుదారైనా ఒక్కరే ఉన్నప్పుడు, ఆ ఒక్క తలుపు మూసుకొంటే ఊరంతా చీకటవుతుంది. చిన్నవైనా పది తలుపులుంటే ఒకటి మూసుకొన్నా వెలుతురు వస్తుంది. అంతర్జాలం అటువంటి చిన్న తలుపులలో ఒకటి. అది సాంచాల కష్టాలన్నిటినీ తీర్చలేదు. అయినా తెరచి ఉంచుకోదగిన తలుపే.

పేరు చెప్పుకొనే విధానం

సిరిసిల్లకు చెందిన వెల్ది హరిప్రసాద్ అనే నేత కళాకారుడు జీ-20 చిహ్నాన్ని మగ్గం మీద నేసి ప్రధానమంత్రికి పంపాడు. 2022 నవంబరులో ప్రధానమంత్రి తన ‘మన్ కీ బాత్’ ప్రసంగంలో ఆ సంగతిని ప్రస్తావించాడు. ఆ సంవత్సరమే సిరిసిల్ల పట్టుచీరలకు ‘రాజన్న సిరిపట్టు’ అనే పేరు వచ్చింది. న్యూజిలాండ్‌లోని తెలుగువారి మధ్య ఆ చీరలను ఆవిష్కరించారు. వస్తువుకు ఒక పేరు, ఆ పేరు వెనుక ఒక ఊరు, ఆ ఊరి వెనుక ఒక చేయి ఉన్నప్పుడు దాని కథ దూరతీరాలకు చేరుతుందనడానికి ఇది నిదర్శనం.

వస్తువును వర్ణించడంలో మన ప్రాచీన కవులు కూడా మనకు గురువులే. పాల్కురికి సోమనాథుడు బసవపురాణంలో నానావిధాలైన వస్త్రాల పేర్లను వరుసగా పేర్కొన్నాడు. ‘మంచి బట్టలు’ అని ఒక్కమాటలో తేల్చక, ఒక్కొక్కదానిని దాని పేరుతో పిలిచాడు. ఫోనులో చీరను అమ్మేవారు కూడా ఇదే చేయాలి. ‘అందమైన చీర’ అని రాస్తే కొనేవారికి ఏమీ తెలియదు. నూలా, పాలిస్టరా, పట్టా అన్నది చెప్పాలి. పొడవు ఎంత, రవిక గుడ్డ ఉన్నదా లేదా, ఉతికితే రంగు నిలుస్తుందా, ధర ఎంత అన్న వివరాలు ఉండాలి. ఫోటోను పగటి వెలుతురులో, కిటికీ పక్కన తీయాలి. అంచును, కొంగును దగ్గరగా చూపాలి. ఎక్కడైనా లోపముంటే దానిని కూడా చూపాలి. బొమ్మలో లేని మెరుగును చేర్చితే చీర వెనక్కి వస్తుంది. దానితోపాటు చెడ్డపేరు కూడా వస్తుంది. వివరాలను తెలుగుతోపాటు హిందీ, ఇంగ్లీషు భాషలలో రాస్తే జినవల్లభుని బాట పట్టినట్లే.

ఇక్కడ నిజాయితీకి సంబంధించిన ఒక ముఖ్య విషయాన్ని గుర్తుంచుకోవాలి. సాంచా మీద నేసిన బట్టను చేనేత అని చెప్పి అమ్మరాదు. చేనేత వస్త్రాలను గుర్తించడానికి 2006 నుండి కేంద్ర ప్రభుత్వపు ‘హ్యాండ్‌లూమ్ మార్క్’ వాడుకలో ఉంది. మరమగ్గం బట్టకు దాని విలువ దానికి ఉంది. తక్కువ ధర, మన్నిక దాని గుణాలు. ఉన్న గుణాన్ని చెప్పుకొంటే చాలు, లేనిదాన్ని అరువు తెచ్చుకోనక్కరలేదు.

మూడు మెట్లు

అంతర్జాలంలో అడుగుపెట్టే చిన్న వ్యాపారి మొదటిరోజే పెద్ద వెబ్‌సైటు కట్టించనక్కరలేదు. అనుభవంతో ఒక్కొక్క మెట్టు ఎక్కవచ్చు.

మొదటి మెట్టు చిరునామా. జగిత్యాలలో దుకాణం ఎక్కడ అని అడిగితే టవర్ దగ్గర అని గుర్తు చెప్పడం వాడుక. కొత్తవారు మాత్రం ఇప్పుడు గూగుల్ పటం చూసి వస్తున్నారు. ఆ పటంలో దుకాణం పేరును, ఫోన్ నంబరును, తెరిచే మూసే వేళలను, ఫోటోలను ఉచితంగా చేర్చవచ్చు. పండుగకు దుకాణం మూసి ఉంచితే ఆ సంగతి కూడా నమోదు చేయాలి. దూరం నుండి వచ్చి తాళం చూసి వెళ్లిన గిరాకీ మళ్లీ రావడం కష్టం. కొనుగోలుదారులు రాసే అభిప్రాయాలకు మర్యాదగా జవాబివ్వాలి. కోపంతో రాసిన మాటకు శాంతంగా ఇచ్చిన సమాధానాన్ని తరువాత వచ్చేవారు కూడా చదువుతారు.

రెండవ మెట్టు సంభాషణ. 2018లో భారతదేశంలోకి వచ్చిన వాట్సాప్ బిజినెస్ అనే అనువర్తనం చిన్న వ్యాపారుల కోసం ఉద్దేశించినది. ఇందులో వస్తువుల పట్టికను ధరలతో సహా పెట్టవచ్చు. దుకాణం మూసిన వేళలలో సందేశం పంపినవారికి దానంతట అదే జవాబు వెళ్లేటట్లు అమర్చవచ్చు. ఇంటి నంబరును, వ్యాపార నంబరును వేరుగా ఉంచుకోవడం మంచిది. అడగని వారికి రోజూ సందేశాలు పంపడం మాత్రం తగదు. పిలవని పేరంటానికి వెళ్లినట్లుంటుంది. నంబరును అడ్డుకొంటే, అవసరమైనప్పుడు పంపిన మాట కూడా చేరదు.

మూడవ మెట్టు చెల్లింపు. 2016లో ప్రారంభమైన యూపీఐ విధానం వల్ల నేడు టీ కొట్టులో కూడా క్యూఆర్ గుర్తు కనిపిస్తున్నది. చిల్లర బాధ తగ్గింది. అమ్మకానికి ఒక లెక్క మిగులుతున్నది. ఉద్దెర పుస్తకంలో రాసుకొనే బాకీలు కొంత తగ్గే అవకాశం కూడా ఏర్పడింది.

లాభం లెక్క

అమ్మకం వేరు, లాభం వేరు. ఈ తేడా తెలియక నష్టపోయేవారు ఎందరో ఉన్నారు. ఒక ఉదాహరణ చూద్దాం. ఒక గృహిణి తన చీరను ఒక అమ్మకపు వేదిక ద్వారా 600 రూపాయలకు అమ్ముతున్నదనుకొందాం. చీర ఖర్చు 400, వేదిక రుసుము 60, రవాణా ఖర్చు 80 రూపాయలు. మిగిలేది 60 రూపాయలు. పది చీరలు పంపితే 600 రూపాయలు మిగలాలని ఆమె భావిస్తుంది. అయితే పదింటిలో ఒకటి వెనక్కి వచ్చింది. దానికి రుసుము పడకపోయినా, పోను రాను రవాణాకు 160 రూపాయలు ఆమే భరించవలసి వచ్చింది. తొమ్మిది చీరల మీద వచ్చిన 540 రూపాయల నుండి ఈ 160 తీసివేస్తే మిగిలేది 380 రూపాయలు. అంటే చీరకు 60 అనుకొన్న లాభం 38 రూపాయలే. ఇందులో ఆమె శ్రమకు, ప్యాకింగుకు, ఫోను ఖర్చుకు విలువ కట్టనే లేదు. కాబట్టి రవాణా, రుసుము, వాపసు అనే మూడింటినీ లెక్కించిన తరువాతనే ధర నిర్ణయించాలి.

పన్ను విషయం కూడా ముందుగానే తెలుసుకోవాలి. 2017 జూలై 1 నుండి జీఎస్టీ అమలులో ఉంది. నిర్ణీత పరిమితికి లోబడిన చిన్న వ్యాపారులు కొన్ని షరతులతో, జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండానే ఇటువంటి వేదికల ద్వారా సొంత రాష్ట్రంలో వస్తువులు అమ్ముకొనే వెసులుబాటు 2023 అక్టోబరు 1 నుండి లభించింది. ఇతర రాష్ట్రాలకు ఈ వేదికల ద్వారా అమ్మాలంటే రిజిస్ట్రేషన్ అవసరం. సందేహముంటే పన్ను సలహాదారును అడిగి ముందుకు సాగాలి.

ప్రకటనల మీద పెట్టే డబ్బుకు కూడా హద్దు ఉండాలి. కోరుట్లలోని కుట్టు కేంద్రం ప్రకటన హైదరాబాదులో కనబడితే ప్రయోజనం లేదు. చుట్టుపక్కల ఊళ్లను మాత్రమే ఎంచుకొని, బతుకమ్మ పండుగకు, పెళ్లిళ్ల కాలానికి ముందు, ఒక వారంపాటు కొద్ది మొత్తంతో పరీక్షించాలి. వచ్చిన ప్రతివారినీ ‘మా దుకాణం సంగతి మీకెట్లా తెలిసింది?’ అని అడిగి ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఏ ప్రకటన పనిచేసిందో ఆ పుస్తకమే చెబుతుంది.

జాగ్రత్తలు

అంగడిలో జేబుదొంగలున్నట్లే అంతర్జాలంలోనూ మోసగాళ్లున్నారు. పెద్ద ఆర్డరు ఇస్తామని నమ్మించి, ‘డబ్బు పంపుతున్నాం, ఈ గుర్తును స్కాన్ చేసి పిన్ నొక్కండి’ అంటారు. డబ్బు మన ఖాతాలోకి రావడానికి పిన్ ఎన్నడూ అక్కరలేదు. పిన్ నొక్కితే డబ్బు పోతుందే గాని రాదు. కొందరు డబ్బు చెల్లించినట్లు ఫోనులో ఒక చిత్రం చూపి సరకు తీసుకొనిపోతారు. చిత్రాన్ని కాదు, మన ఖాతాను చూసుకోవాలి. ఓటీపీ ఎవరికీ చెప్పరాదు. తెలియని లంకెలను తెరవరాదు. మోసం జరిగినట్లు గుర్తిస్తే సిగ్గుపడి దాచుకోక వెంటనే 1930 నంబరుకు ఫిర్యాదు చేయాలి. ఎంత తొందరగా తెలిపితే డబ్బు చేతులు మారకుండా నిలిపే అవకాశం అంత ఎక్కువ.

విద్యార్థుల కర్తవ్యం

ఈ పాఠం చదువుతున్న మీలో కొందరి ఇండ్లలో కిరాణం దుకాణమో, కుట్టుమిషనో, సాంచానో ఉండవచ్చు. అమ్మానాన్నలకు వృత్తిలో నేర్పు ఉంది. సరకు మంచిచెడ్డలు వారికి తెలుసు. ఫోను సంగతులు మీకు తెలుసు. ఈ రెండూ కలిసినప్పుడే ఇంటికి మేలు జరుగుతుంది. ‘మీకు తెలియదు’ అని పెద్దలను తీసిపారేయక, ఓపికగా పక్కన కూర్చుండి నేర్పండి. మీరు పై చదువులకు వెళ్లిపోయిన తరువాత కూడా వారు స్వయంగా ఆ పని చేసుకోగలగాలి. వారు చెప్పే సరకు కథను మీరు విని, మూడు భాషలలో కాకపోయినా ముందుగా చక్కని తెలుగులో రాయండి. చదివిన భాషకు అంతకంటె మంచి ప్రయోజనమేముంటుంది?

దూరదేశాలకు మనుషులను పంపి బతుకు వెళ్లదీసిన ప్రాంతమిది. మనిషి ఊళ్లోనే ఉండి, అతని చేతి సరకు మాత్రం దూరదేశాలకు వెళ్లే రోజు రావాలి. ఆ ప్రయత్నంలో ఫోను ఒక పనిముట్టు మాత్రమే. పనితనం, మాట నిలుపుకోవడం, సరైన లెక్క అనేవి ఏ కాలంలోనైనా వ్యాపారానికి మూలధనం.

అభ్యాసం

I. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. చిన్న వ్యాపారి అంతర్జాలంలో ఎక్కవలసిన ‘మూడు మెట్ల’ను వివరించండి.
2. సిరిసిల్ల మరమగ్గాల అనుభవం నుండి రచయిత గ్రహించిన పాఠాన్ని విశ్లేషించండి.

II. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. కురిక్యాల శాసనం వ్యాపార ప్రకటనకు ఎట్లా మార్గదర్శకమవుతుంది?
2. సరకును వర్ణించడంలో పాటించవలసిన నియమాలేవి?
3. ‘అమ్మకం వేరు, లాభం వేరు’ - ఉదాహరణతో వివరించండి.
4. చెల్లింపుల విషయంలో వ్యాపారి తీసుకోవలసిన జాగ్రత్తలేవి?

III. ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. జినవల్లభుడు ఎవరికి తమ్ముడు?
2. సిరిసిల్లలో మరమగ్గాలను ఏమంటారు?
3. ఆర్థిక మోసం జరిగినప్పుడు ఏ నంబరుకు ఫిర్యాదు చేయాలి?

IV. ప్రాజెక్టు పని
మీ ప్రాంతంలోని ఒక చిన్న వ్యాపారిని కలిసి, ఆయన లేదా ఆమె అమ్మే ఒక వస్తువు వివరాలను సేకరించండి. ఆ వస్తువును పరిచయం చేస్తూ పది వాక్యాలలో ప్రకటన రాసి తరగతిలో చదవండి.