బిల్లు తమ్మునిది, హక్కు అక్కది

గోదావరి తీరమునందలి ఒక పట్టణమునుండి ఒక సోదరి వ్రాసిన ఉత్తరము గత మాసమున నా చేతికి వచ్చినది. హైదరాబాదులో ఉద్యోగము చేయుచున్న తమ తమ్ముడు సంక్రాంతికి పుట్టింటి కానుకగా ఒక చిన్న ఫుడ్ ప్రాసెసరును ఆన్‌లైనులో రూ. 5,400 పెట్టి కొని తమ యింటికి నేరుగా పంపినాడనియు, ఉల్లిపాయలు తరుగుటకు, కొబ్బరి కోరుటకు, చపాతీ పిండి కలుపుటకు, పచ్చడి నూరుటకు నాలుగు మాసములు దానిని దినదినము వాడుకొన్నామనియు, ఒకనాటి ఉదయమున వేరుశనగపప్పు పచ్చడి తిరుగుచుండగా మాడువాసన పుట్టి మోటారు నిలిచిపోయినదనియు, సర్వీసు సెంటరునకు మోసికొనిపోగా అచ్చటివారు అడుగుపలకయైన విప్పకయే "పసుపుకొమ్ములు వేసియుందురమ్మా, వాడుక తప్పు, వారంటీ వర్తించదు" అని త్రిప్పి పంపినారనియు ఆమె వ్రాసినారు. ఉత్తరము చివర ప్రశ్నలు రెండు. బిల్లు తమ్ముని పేర నుండగా అడుగుటకు తనకు హక్కున్నదా? ఇంత చిన్న వస్తువునకై ఫిర్యాదుల వెంట తిరిగినచో నలుగురు నవ్వరా?

ఈ రెండవ ప్రశ్నయే నన్ను ఎక్కువ బాధించినది. గజము గట్టునకై రెండు తరములు వ్యాజ్యమాడిన కుటుంబములు మనకు క్రొత్త కావు. వారిని చూచి నవ్వినవారు లేరు. ఇంటిల్లిపాదికి రెండు పూటల వండిపెట్టు స్త్రీ చేతి పనిముట్టు చెడినప్పుడు మాత్రము అది చిన్న సంగతి యగుచున్నది. రోలు, పొత్రము, సన్నికల్లు, తిరుగలి ఉన్న దినములలో రాయి నునుపెక్కినచో వీధిని పోవు రాయికొట్టువానిని పిలిచి గంట్లు పెట్టించుకొనెడివారు; వస్తువు మంచిచెడ్డలు కంటికి కనబడుచుండెను, చేతికి తెలియుచుండెను. మోటారులోపలి రాగితీగ చుట్ట మేలైనదో నాసిదో గృహిణికి కనబడదు. కనబడనిదానిని నమ్మి డబ్బిచ్చినవారికి ఆ నమ్మకము వమ్మైనప్పుడు ఆధారముగా నిలుచుటకే 1986లో మొదటి వినియోగదారుల రక్షణ చట్టము పుట్టినది. దాని స్థానమున వచ్చిన 2019 నాటి చట్టము 2020 జూలై 20వ తేదీనుండి అమలులో నున్నది.

ఇక మొదటి ప్రశ్న. ఆ చట్టము 2వ సెక్షను 7వ ఉపవిభాగమున వినియోగదారుడన నెవరో చెప్పుచు, సొమ్ము చెల్లించి వస్తువును కొన్నవానిని మాత్రమే గాక, కొన్నవాని సమ్మతితో ఆ వస్తువును వాడుకొనువారిని గూడ వినియోగదారులుగనే పరిగణించినది. కావున తమ్ముడు కొని పంపిన యంత్రమును వాడుకొను అక్కయు, పెండ్లికి అత్తమామలు కొనియిచ్చిన మిక్సీని వాడుకొను కోడలును, కుమారుడు అమెరికానుండి ఇచ్చటి కంపెనీకి ఆర్డరు పెట్టి ఇంటికి పంపించిన గ్రైండరును వాడుకొను తల్లియు చట్టము దృష్టిలో స్వతంత్రముగా హక్కు కలవారు. బిల్లుపైని పేరు సాక్ష్యమునకు పనికివచ్చును; హక్కును కట్టివేయజాలదు. అయినను, అనవసరమైన వాదమునకు తావీయకుండుటకై, వస్తువును అక్కగారికి కానుకగా ఇచ్చితినని తమ్మునిచేత ఒక ప్రమాణపత్రము వ్రాయించి జతపరచుట, లేదా ఇరువురును కలిసియే ఫిర్యాదు చేయుట మేలు.

సర్వీసు సెంటరువారి మాటను కొంచెము నిదానముగా పరిశీలింపవలెను, ఏలయన ఇట్టి వివాదములలో ముడి యెల్లప్పుడును అచ్చటనే పడుచుండును. వాడుకలో దోషమున్నచో ఉత్పత్తిదారుడు తప్పించుకొనుటకు అవకాశమున్న మాట నిజమే. కొన్ని మిక్సీల అడుగున అతికించిన పలకపై 5 నిమిషములు నడిపి 2 నిమిషములు ఆపవలెనని అచ్చువేసియుండును. ఆ విరామము లేకుండ పావుగంట తిప్పినచో మోటారు కాలుటలో వింత లేదు. అడుగుననే చిన్న ఎఱ్ఱ బొత్తాము కూడ అనేక యంత్రములకు కలదు. భారమెక్కువైనప్పుడు విద్యుత్తును ఆపివేయు రక్షణ సాధనమది. యంత్రము ఆగిన వెంటనే చెడినదని తలపక, ప్లగ్గు తీసి, కొన్ని నిమిషములు చల్లారనిచ్చి, ఆ బొత్తామును నొక్కి చూడవలెను. కప్లరు అరిగినను, జారుక్రింది బుష్షు పట్టుకొన్నను అది మోటారు దోషము కాదు. ఇవన్నియు మనవంతు జాగ్రత్తలు.

కాని "వేసియుందురు" అను ఊహ సాక్ష్యము కాజాలదు. లోపమున్నదని చూపవలసిన ప్రథమభారము ఫిర్యాదిదే యైనను, దుర్వినియోగము జరిగినదని చెప్పువారు ఆ సంగతిని తామే నిరూపింపవలెను. విప్పి చూడనివారు దేనిని నిరూపింపగలరు? వస్తువును పరీక్షింపక లోపము తేల్చుట సాధ్యము కానప్పుడు దానిని తగిన ప్రయోగశాలకు పంపి 45 దినములలో నివేదిక తెప్పించుకొను అధికారమును 2019 చట్టము 38వ సెక్షను జిల్లా వినియోగదారుల కమిషనుకు ఇచ్చినది. కనుక యంత్రమును పేటలోని మరమ్మతు దుకాణమున విప్పించవలదు. చేయి పడిన యంత్రమునకు పరీక్షలో విలువ తగ్గిపోవును. సర్వీసు సెంటరువారు నిరాకరించినప్పుడు ఆ నిరాకరణమును, దాని కారణమును జాబ్ షీటుమీద వ్రాసి సంతకము చేసి ఇమ్మని అడుగవలెను. ఇయ్యనిచో ఆ దినముననే జరిగిన సంగతిని ఈమెయిలుగా కంపెనీకి వ్రాసి పంపిన చాలును.

ఈ సందర్భమున నొక పాత సంగతి జ్ఞప్తికి వచ్చుచున్నది. 1960ల దశకమున బొంబాయిలో ఎస్.పి. మాథుర్ అను ఇంజనీరు, తన భార్య వాడుచున్న విదేశీ మిక్సరు మన దినుసులకు తాళలేక చెడిపోవుట చూచి, మన వంటకు తగిన మోటారుతో సుమీత్ మిక్సీని రూపొందించెను. భారతీయ గృహమున ఎండుమిరపకాయలు, ధనియాలు, నానవేసిన పప్పులు, పచ్చికొబ్బరి నూరబడునని మన దేశమున ఈ యంత్రములను అమ్ము ప్రతి కంపెనీకిని ఆనాటినుండియు తెలియును. తెలిసి అమ్మినవారు, వేరుశనగపప్పు వేసినందుకే మోటారు కాలినదన్నచో, ఆ యంత్రము దేనికి పనికివచ్చునని అమ్మినట్లు? సోదరి మొట్టమొదట చూడవలసినది యంత్రముతో వచ్చిన సూచనల పుస్తకము. గట్టి దినుసులు వేయరాదని అందు స్పష్టముగా నున్న యెడల, పసుపుకొమ్ములు వేసినవారి వాదము బలహీనమగును. అట్టి నిషేధము లేకపోయినను, లేక ప్రకటనలో పసుపుకొమ్ములనే క్షణములో పొడిచేసి చూపియుండినను, దోషము వారివైపునకే తిరుగును. లేని గుణమును ఉన్నట్లు చూపుట తప్పుదారి పట్టించు ప్రకటన యగును, దానికి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 10 లక్షల రూపాయలవరకు జరిమానా విధింపవచ్చును. కావున కొన్న దినముననే ఆన్‌లైనులోని ఆ వస్తువు వర్ణనను ఫొటో తీసి దాచుకొనుట మంచి అలవాటు. ఆ వర్ణన రేపు మారవచ్చును.

దుకాణమునందు కొనువారికి మరియొక పాత చట్టము తోడున్నది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టము 16వ సెక్షను ప్రకారము, కొనువారు తమ అవసరమును చెప్పి, అమ్మువాని నేర్పును నమ్మి కొన్నప్పుడు, వస్తువు ఆ అవసరమునకు తగియుండవలెనను షరతు, కాగితముమీద లేకున్నను, ఆ బేరములో నిమిడియే యుండును. పేరుపడిన ఫలానా బ్రాండే కావలెనని కోరి కొన్నవారికి ఈ షరతు వర్తింపకపోవచ్చునుగాని, అమ్మకమునకు తగిన నాణ్యము ఉండవలెనను రెండవ షరతు వారికిని నిలుచును. కనుక దుకాణమున నోరు విప్పి, "రోజు విడిచి రోజు ఇడ్లీపిండి రుబ్బుకొందుమండి, ఇది తట్టుకొనునా?" అని అడుగుట కేవలము లోకజ్ఞానమే కాదు, చట్టరీత్యా ఒక రక్షణ. గోడమీద "అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు" అని వ్రాసియుండుట చూచి వెనుదీయ నక్కరలేదు: లోపమున్న వస్తువును బిల్లులో చెప్పిన గడువులోపల, గడువు చెప్పనిచో 30 దినములలోపల, వాపసు తీసికొని డబ్బు ఇయ్య నిరాకరించుట అనుచిత వ్యాపార పద్ధతియని 2019 చట్టమే చెప్పుచున్నది. బిల్లు ఇయ్యకపోవుటయు అట్టిదే.

పెట్టెమీది ఐ.ఎస్.ఐ. గుర్తును చూచుటతో సరిపెట్టుకొనక, గుర్తు క్రింద నున్న లైసెన్సు సంఖ్యను బి.ఐ.ఎస్. కేర్ అను యాప్‌లో వేసి చూడవలెను. ప్రమాణములకు లొంగని ప్రెషర్ కుక్కర్లను తమ వేదికలమీద అమ్మనిచ్చిన ఆన్‌లైన్ సంస్థలపై ప్రాధికార సంస్థ 2022లో చర్య తీసికొన్నది. మేము మధ్యవర్తులము మాత్రమేయను వాదము ప్రతిచోట చెల్లదని ఆ యుత్తరువులనుబట్టి తెలియుచున్నది.

సోదరి వస్తువు ఆన్‌లైనులో కొన్నది గనుక, 2020 నాటి ఈ-కామర్స్ నియమములు ఆమెకు మొదటి మెట్టు. ప్రతి సంస్థయు ఫిర్యాదుల అధికారి పేరును, సంప్రదించు మార్గమును వెల్లడింపవలెను. అతడు ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలిపి, ఒక మాసములో పరిష్కరింపవలెను. ఫలితము లేనిచో 1915 సంఖ్యకు ఫోను చేయవచ్చును; అది జాతీయ వినియోగదారుల సహాయకేంద్రము, అచ్చట తెలుగులో మాటలాడువారుందురు. పెక్కు చిన్న తగవులు ఈ మెట్టుననే తీరుచుండుట నేను చూచినాను. తీరనప్పుడు జిల్లా కమిషను. ఫిర్యాదు చేయువారు నివసించు జిల్లాలోనే దానిని దాఖలు చేయవచ్చునను నియమము 2019 చట్టము మనకిచ్చిన పెద్ద మేలు; కంపెనీ ఢిల్లీలో నున్నను, తమ్ముడు హైదరాబాదులో నున్నను, ఈమె తన యూరినుండియే నడుపుకొనవచ్చును. వస్తువునకు చెల్లించిన వెల 5 లక్షల రూపాయలు మించనిచో రుసుము లేదు. వకీలు తప్పనిసరి కాదు. 2025 జనవరి 1న ప్రారంభమైన ఈ-జాగృతి అను ఆన్‌లైన్ వేదిక ద్వారా ఇంటినుండియే దాఖలు చేయవచ్చును. గడువు మాత్రము, ఫిర్యాదు చేయవలసిన కారణము పుట్టిన నాటినుండి రెండేండ్లు.

ఎదుటిపక్షము 30 దినములలో జవాబీయవలెను. మరి 15 దినములకు మించి పొడిగింపు లేదు. పరీక్ష అక్కరలేని వివాదము మూడు మాసములలోను, అక్కరపడినది అయిదు మాసములలోను తేల్చుటకు యత్నింపవలెనని చట్టము చెప్పినది; ఆచరణలో అంతకన్న ఆలస్యమగుచుండుట నిజము, ఆ మాట దాచి ఆశపెట్టుట నాకిష్టము లేదు. ఓపికతో నిలిచినవారికి లోపము సవరించుట, వస్తువు మార్చియిచ్చుట, వెల తిరిగియిచ్చుట, పడిన కష్టమునకు పరిహారము, ఖర్చులు, ఇవన్నియు ఇప్పింప కమిషనుకు అధికారము కలదు. ఉత్తరువును పాటింపనివారికి కనీసము ఒక మాసమునుండి మూడేండ్లవరకు ఖైదు, లేదా 25,000కు తగ్గని జరిమానా, లేదా రెండును విధింపవచ్చును.

ఇంతవరకు చెప్పినది యంత్రము చెడుటను గూర్చి. యంత్రము మనుష్యుని గాయపరచిన సంగతి వేరు. మూత సరిగా బిగిసినగాని బ్లేడు తిరుగకుండ చేయు తాళము పనిచేయక వ్రేలు తెగినను, లోహపు భాగమునకు కరెంటు ప్రాకినను, అది ఉత్పత్తి బాధ్యత యను ప్రత్యేక అధ్యాయము క్రిందికి వచ్చును. తయారీలో, రూపకల్పనలో దోషమున్నప్పుడే గాక, ప్రమాదమును వారించు సూచనలు చాలినంతగా ఇయ్యనప్పుడును తయారీదారు నష్టపరిహారము చెల్లింపవలెను. అట్టి ప్రమాదము జరిగినచో వైద్యుని చీటీలు, ఫొటోలు, యంత్రము, మూడింటిని భద్రము చేయవలెను. ఎవరైనను యంత్రము మార్చియిత్తుమని వచ్చినను పాతదానిని తొందరపడి అప్పగింపరాదు. సాక్ష్యమంతయు దానిలోనే యున్నది.

ఉత్తరములో ఒక వాక్యము నడుమ నలిగియున్నది: ఇరుగుపొరుగువారికి అప్పుడప్పుడు దోసెపిండి చేసి అమ్ముదునని. వ్యాపారమునకు కొన్నవారు వినియోగదారులు కారను నియమమునుబట్టి ఆమె భయపడినట్లున్నది. స్వయముగా పనిచేసికొనుచు కేవలము జీవనోపాధికై వాడుకొనువారు వినియోగదారులేయని చట్టము వివరణ యిచ్చినది. 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు ఈ భేదమును ఉదాహరణములతో విడమరచినది. అయితే గృహవినియోగమునకు మాత్రమేయని వారంటీ కార్డులో నున్నచో కంపెనీ దానిని పట్టుకొనును. కావున ఆమె ఈ సంగతిని దాచవలదు, ఉన్నది ఉన్నట్లు చెప్పవలెను.

ఆమెకు నేను పంపిన ముసాయిదా ఇది. ఇట్టి స్థితిలోనున్న ఇతరులును తమ వివరములు వేసికొని వాడుకొనవచ్చును. "మా తమ్ముడు ఫలానా తేదీన, ఫలానా ఆర్డరు సంఖ్యతో కొని నాకు కానుకగా ఇచ్చిన ఫుడ్ ప్రాసెసరును సూచనల పుస్తకమున చెప్పిన రీతిగనే నేను వాడుచుంటిని. ఫలానా తేదీన మోటారు కాలినది. మీ సర్వీసు సెంటరువారు విప్పి పరీక్షింపకయే వారంటీ నిరాకరించినారు. బిల్లు, వారంటీ కార్డు, అడుగుపలక ఫొటో జతపరచితిని. ఈ ఉత్తరము అందిన 15 దినములలోపల వస్తువును ఉచితముగా బాగుచేయుట గాని, మార్చుట గాని, వెల వాపసు చేయుట గాని జరుగనియెడల, 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి మా జిల్లా కమిషనులో ఫిర్యాదు దాఖలు చేయుదును." దీనిని ఫిర్యాదుల అధికారికి ఈమెయిలుగాను, కంపెనీ చిరునామాకు రసీదు వచ్చునట్లు తపాలాలోను పంపి, తపాలా రసీదును బిల్లుతో కలిపి ఒకే కవరులో ఉంచుడని ఆమెకు వ్రాసితిని.