డబ్బా మీది అక్షరాలు

చిన్న పిల్లలకు నీళ్ళ విరేచనాలు పట్టుకుంటాయి. ఒంట్లోని నీరు, ఉప్పు బయటికి పోతాయి. బిడ్డ నీరసించి పోతుంది. కళ్ళు గుంటలు పడతాయి. అప్పుడు ఓఆర్ఎస్ నీళ్ళు తాగించాలి. అది ప్రాణం నిలిపే మందు.

దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌లలో మందుల షాపులు చాలా ఉన్నాయి. హైదరాబాదు షాపుల్లో తియ్యని పానీయాల డబ్బాలు కూడా అమ్మేవారు. కొన్నింటి పేర్లలో ‘ఓఆర్ఎస్’ అనే అక్షరాలు ఉండేవి. మందే అనుకుని తల్లులు కొనేవారు.

అసలైన ఓఆర్ఎస్‌లో లీటరుకు 13.5 గ్రాముల గ్లూకోజు ఉంటుంది. ఆ పానీయాల్లో చక్కెర దానికి ఎన్నో రెట్లు. చక్కెర ఎక్కువైతే పేగుల్లోకి నీరు చేరుతుంది. విరేచనాలు ఇంకా పెరుగుతాయి.

హైదరాబాదు పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దీన్ని ఎదిరించారు. 2022లో తెలంగాణ హైకోర్టుకు వెళ్ళారు. ఆ ఏడాది ఏప్రిల్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దంది. జూలైలో మళ్ళీ సడలించింది. “ఇది ఓఆర్ఎస్ కాదు” అని డబ్బా మీద రాస్తే చాలంది.

దీని మీద బస్తీలో ఇద్దరు ఆడవాళ్ళు వాదించుకున్నారు.

“తియ్యగుంటేనే పిల్లలు తాగుతరు. డబ్బా మీద రాసినంక అమ్మితే తప్పేంది?”

“ఆ రాత ఇంగ్లీషుల ఉంటది అక్కా. సదువు రానోళ్ళకు ఎట్ల తెలుస్తది?”

“అయితే అమ్ముడే బంద్ జెయ్యాల్నా?”

“అమ్మొద్దంటలేరు. మందు పేరు పెట్టి అమ్మొద్దంటున్నరు.”

2025 అక్టోబరు 14న ఆ సంస్థ సడలింపును రద్దు చేసింది. కంపెనీలు ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళాయి. అక్టోబరు 31న కోర్టు ఒక కంపెనీ కేసును కొట్టేసింది. అలాంటి డబ్బాలను షాపుల నుంచి తీసేయించాలని నవంబరులో రాష్ట్రాలకు ఆదేశాలు వెళ్ళాయి.

ఆదేశం వచ్చింది. అయినా కొనే ముందు మనమే చదువుకోవాలి.

గుర్తుంచుకోండి
1. ఓఆర్ఎస్ పొడి బస్తీ దవాఖానలో, ఆశా కార్యకర్త దగ్గర ఉచితంగా దొరుకుతుంది.
2. పొట్లం మీద రాసినన్ని నీళ్ళే కొలిచి కలపాలి. పెద్ద పొట్లానికి లీటరు. కాచి చల్లార్చిన నీళ్ళు మంచివి.
3. విడిగా చక్కెర వేయకూడదు.
4. చెంచాతో కొంచెం కొంచెంగా తాగించాలి. తల్లిపాలు ఆపకూడదు.
5. కలిపిన నీళ్ళు 24 గంటలు దాటితే పారబోయాలి.
6. బిడ్డ మగతగా ఉన్నా, ఏమీ తాగకపోయినా, విరేచనంలో రక్తం పడినా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

ఆలోచించండి
1. చక్కెర ఎక్కువైతే విరేచనాలు ఎందుకు పెరుగుతాయి?
2. ఇద్దరు ఆడవాళ్ళలో ఎవరి మాట మీకు సరైనదనిపించింది? ఎందుకు?
3. మీ ఇంట్లో ఉన్న ఒక డబ్బా తీసుకోండి. దాని మీద చక్కెర ఎంతని రాశారో చదివి చెప్పండి.