తెరుచుకోని ఫైళ్లు నేర్పిన పాఠాలు

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు ముగిసింది. కొత్త విండోస్ ఎక్కించిన డీటీపీ సెంటర్లలో “పాత ఫైళ్లు తెరుచుకోవట్లేదు” అన్న మాట మళ్లీ వినిపిస్తోంది. ఎక్స్‌పీ పోయినప్పుడూ, 7 పోయినప్పుడూ విన్నదే. పెళ్లి కార్డులూ కవితా సంపుటాలూ కంపోజ్ చేస్తూ తల నెరిసినవాణ్ణి. ఈ పనిలోకి కొత్తగా వచ్చిన నీకు ఉపయోగపడతాయని ఇవి చెబుతున్నాను.

1. తెరుచుకోనంత మాత్రాన ఫైలు పోయినట్టు కాదు.

విండోస్ మారినా ఫైలు లోపలి సరుకు సాధారణంగా చెక్కుచెదరదు. దాన్ని చదివే ప్రోగ్రాం, ఫాంటు, అనుమతి, వీటిలో ఏదో ఒకటి తప్పిపోతుంది. తొలి రోజుల్లో ఈ తేడా తెలియక, తెరుచుకోని ప్రతిదాన్నీ మళ్లీ టైపు చేయించేవాణ్ణి. ఇప్పుడు ముందు ప్రాపర్టీస్‌లో సైజు చూస్తాను. సున్నా కాకుంటే ఆశ ఉన్నట్టే. ఆపైన ‘ఓపెన్ విత్’లో సరైన ప్రోగ్రాం చూపిస్తాను. చాలా గొడవలు అక్కడే తీరిపోతాయి.

2. నకలు తీయనిదే మరమ్మతుకు దిగకు.

కంగారులో ఫైలును దొరికిన ప్రతి ప్రోగ్రాంలోనూ తెరిచి, అది అడిగినవాటికల్లా ‘ఎస్’ కొడతాం. చివర్లో సేవ్ నొక్కితే, అప్పటిదాకా క్షేమంగా ఉన్నది నిజంగానే పాడవుతుంది. అసలు ఫైలును పెన్‌డ్రైవ్‌లో పక్కనపెట్టి, ప్రయోగాలు నకలు మీద చెయ్యి. అప్‌గ్రేడ్ తర్వాత విండోస్ 10, 11ల నుంచి పాతదానికి వెనక్కి వెళ్లే వీలు మామూలుగా 10 రోజులే. కాబట్టి మొదటి వారంలోనే పాత ఫైళ్లు తెరిచి చూసుకో. కస్టమర్ వచ్చి అడిగేదాకా ఆగితే గడువు దాటిపోతుంది.

3. అక్షరాలు చెదిరితే ముందు ఫాంటును వెతుకు.

యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటుంది. అయినా మన అచ్చు పని చాలాకాలం పాత ఫాంట్ల మీదే నడిచింది. వాటిలో తెలుగు అక్షరం వెనక ఉండేది ఇంగ్లీషు అక్షరమో, మరేదో గుర్తో. కొత్త విండోస్‌లో ఆ ఫాంటు లేకపోతే పేజీ నిండా పిచ్చి గీతలే. వైరస్ అనుకుని ఓ పెద్దాయన నవలను నేనే చెరిపేశాను. ఆయన దగ్గర చేతిరాత ప్రతి కూడా మిగల్లేదు. ఆ ఫాంటు మళ్లీ ఎక్కించి ఉంటే క్షణాల్లో తేలిపోయేది.

4. పాత ప్రోగ్రాంకు పాత చోటొకటి మిగుల్చు.

మనం పేజీలు కూర్చిన పేజ్‌మేకర్ ప్రోగ్రాం చివరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో. అదే పనికి వాడే ఇన్‌డిజైన్, సీఎస్6 వెర్షన్ దాకా పేజ్‌మేకర్ 6, 7 ఫైళ్లను తెరిచేది. తర్వాతి వెర్షన్లు తెరవవు. ఇంకా పాతవైన 16 బిట్ ప్రోగ్రాములు 64 బిట్ విండోస్‌లో నడవనే నడవవు. ఎక్స్‌పీ కంప్యూటర్‌ను తూకానికి అమ్మేశాక గానీ దాని విలువ నాకు తెలియలేదు. అలాంటిదొకటి ఇంటర్నెట్ కలపకుండా ఉంచుకో. చోటు లేకపోతే కొత్తదాంట్లోనే వర్చువల్ మెషిన్‌గా పెట్టుకో.

5. అనుమతి లేకపోవడం వేరు, తాళంచెవి పోవడం వేరు.

‘యాక్సెస్ డినైడ్’ అంటే చాలాసార్లు ఫైలు పాత యూజరు పేరిట ఉండిపోయిందని అర్థం. అడ్మినిస్ట్రేటరుగా లాగిన్ అయి, ప్రాపర్టీస్‌లోని సెక్యూరిటీలో ఓనరును మార్చి అనుమతి ఇస్తే సరిపోతుంది. కానీ విండోస్‌లోనే ఎన్‌క్రిప్ట్ చేసిన ఫైలుకు పాత సర్టిఫికెట్ కావాలి. ఫార్మాట్ చేసేముందు దాన్ని ఎక్స్‌పోర్ట్ చేసి దాచకపోతే సొంతదారుకైనా అది తెరుచుకోదు. అప్పుడు ఆశపెట్టి తిప్పుకోకుండా ఉన్నమాట చెప్పెయ్. చెప్పలేక కొందరిని నెలల తరబడి తిప్పాను.

6. చదవగలిగేలా దాచినదే దక్కుతుంది.

ఫైళ్లను సీడీల్లో భద్రంగానే దాచాను. వాటి ఫాంట్లనూ, ప్రోగ్రాముల సీడీలనూ పక్కన పెట్టలేదు. నువ్వు ప్రతి పనికీ అసలు ఫైలుతోపాటు ఫాంట్లు ఇమిడ్చిన పీడీఎఫ్, యూనికోడ్‌లోకి మార్చిన పాఠం కూడా ఉంచు. మార్చాక ఒత్తులూ గుణింతాలూ సరిచూసుకో. పీడీఎఫ్‌తో అచ్చు వేయొచ్చు, యూనికోడ్ పాఠాన్ని తిరిగి దిద్దుకోవచ్చు. పని పూర్తయిన రోజునే ఇదంతా చెయ్యి. విండోస్ మారాక చేద్దామనుకుంటే, ముందు ఆ ఫైలు తెరుచుకోవాలి కదా!